పిల్లలతో యూరప్: ఎన్ని దేశాలు కాదు, ఏ ఊరు?

"యూరప్ వెళ్ళొచ్చాం" అని ఎవరైనా అనగానే మన ఆఫీసుల్లో పడే మొదటి ప్రశ్న "ఎన్ని దేశాలు కవర్ చేశారు?" అని. చూశారా అని కాదండీ, కవర్ చేశారా అని. టెస్ట్ కవరేజి అడిగినట్టు. పది రోజుల్లో ఆరు దేశాలంటే పాస్. ఒక్కటే అంటే "అయ్యో, అంత డబ్బు పెట్టి ఒక్కటేనా?" అని జాలి.

పెళ్ళయిన కొత్తలో ఇద్దరే వెళ్ళేటప్పుడు ఈ లెక్క ఎలాగోలా నడుస్తుంది. నాలుగేళ్ళ పిల్లనీ, ఏడాదిన్నర పిల్లాణ్ణీ చంకనేసుకుని బయల్దేరేవాళ్ళు కూడా ఇదే లెక్క పట్టుకోవడమే నాకు అర్థం కాని సంగతి. పొద్దున ఆరింటికి బస్సు, తొమ్మిదింటికి ఒక టవరు, పదకొండింటికి ఒక చర్చి, మధ్యాహ్నం ఇండియన్ రెస్టారెంటులో బఫే, రాత్రికి ఇంకో దేశంలో ఇంకో హోటలు. ఈ మధ్యలో పిల్లాడి డయపరు ఎక్కడ మార్చాలి, పిల్ల ఎక్కడ పడుకోవాలి అన్నది ఐటినరరీలో ఎక్కడా ఉండదు. పైగా ఇదంతా మే నెలలో, ప్రపంచంలో సగం మంది అక్కడే ఉన్నప్పుడు, అన్నిటికంటే ఎక్కువ రేట్లు పెట్టి.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. చిన్నపిల్లలున్న మనలాంటి జీతగాళ్ళు యూరప్ వెళ్ళాలనుకుంటే ఒకటే ఊరు పెట్టుకోవాలి. అక్కడే ఏడెనిమిది రోజులుండాలి. ఎవరూ వెళ్ళని కాలంలో వెళ్ళాలి. పిల్లలు బడికి పోకముందే వెళ్ళాలి. నలుగురికీ తలకిందులుగా కనిపించే సలహా ఇది, తెలుసు. అందుకే ఒక్కొక్కటీ లెక్కతో సహా చెప్తాను.

ముందు డబ్బు సంగతి.

"పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక వెళ్దాంలే" అని వాయిదా వేసేవాళ్ళు గమనించని విషయం ఒకటుంది. ప్రయాణాల్లో పిల్లల వయసు అంటేనే డబ్బు. షెంజెన్ వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దలకి 90 యూరోలు. ఆరేళ్ళు నిండి పన్నెండు లోపు పిల్లలకి 45. ఆరేళ్ళ లోపు పిల్లలకి అసలు ఫీజే లేదు. అంటే ఇద్దరు చిన్నపిల్లలున్న కుటుంబానికి 180 యూరోలు. అదే కుటుంబం ఇద్దరికీ ఆరు దాటాక వెళ్తే 270. ఇద్దరికీ పన్నెండు నిండాక 360. దీనిమీద అప్లికేషన్ సెంటరు వాళ్ళ సర్వీసు చార్జి వేరే. (2025లో యూరో వంద రూపాయలు దాటడం వల్ల జరిగిన ఒకే ఒక్క మేలు, లెక్క సులువవడం. పక్కన రెండు సున్నాలు పెట్టి పైన కాస్త కలుపుకోవడమే.)

విమానం టికెట్టు కూడా అంతే. రెండేళ్ళ లోపు పిల్లలు ఒళ్ళో కూర్చుంటే మామూలుగా పెద్దవాళ్ళ ఛార్జీలో పదోవంతు దగ్గర తీసుకుంటారు. రెండు నిండాయంటే సీటు కొనాల్సిందే. ఇక్కడో చిన్న మెలిక ఉంది. వయసుని బుక్ చేసిన రోజున కాదు, ప్రయాణం చేసే రోజున చూస్తారు. వెళ్ళేటప్పుడు ఏడాది పదకొండు నెలలుండి, ట్రిప్పు మధ్యలో రెండు నిండితే తిరుగు ప్రయాణానికి సీటు కొనాలి. కాబట్టి పుట్టినరోజు ముందు వారమా, తర్వాత వారమా అన్నది చూసుకుని తేదీలు పెట్టుకోండి.

అన్నిటికంటే పెద్ద ఆదా మాత్రం బడి లేకపోవడమే. ఒకసారి బడిలో వేశామంటే మన తేదీలు మన చేతిలో ఉండవు. వేసవి సెలవులకి అందరూ వెళ్తారు, డిసెంబరు చివరి వారం అందరూ వెళ్తారు. విమానాల వాళ్ళకీ, హోటళ్ళ వాళ్ళకీ మన బడి క్యాలెండరు మనకంటే బాగా తెలుసు. బడికి పోని పిల్లలున్నవాళ్ళు మాత్రం ఫిబ్రవరి రెండో వారం మంగళవారం బయల్దేరి, ఇంకో వారం బుధవారం తిరిగి రావచ్చు.

మన ఉద్యోగాలకి కూడా ఇదే నయం. డిసెంబరు ఆఖర్లో అమెరికా క్లయింట్లు సెలవులో ఉంటారని టీములో అందరూ ఆ పది రోజుల మీదే పడతారు. నవంబరు మొదట్లోనో, ఫిబ్రవరిలోనో సెలవు అడిగితే రిలీజు ఏదీ లేకపోతే మేనేజరు పెద్దగా మాట్లాడకుండా ఇచ్చేస్తాడు.

ఇంతకీ ఆఫ్ సీజన్ అంటే ఎప్పుడు? స్థూలంగా రెండు కిటికీలున్నాయి. మొదటిది నవంబరు మొదటి పది రోజులు. నవంబరు మధ్యకి వచ్చేసరికి క్రిస్మస్ బజార్లు మొదలవుతాయి, మళ్ళీ రేట్లు లేస్తాయి. డిసెంబరు చలికాలమే కదా, చౌకగా ఉంటుందనుకుంటే పొరపాటు. వియన్నా, ప్రాగ్ లాంటి ఊళ్ళకి డిసెంబరు అంటే మంచి గిరాకీ. రెండో కిటికీ జనవరి 7 తర్వాత మొదలై మార్చి మధ్యదాకా ఉంటుంది. (జనవరి 6 ఆస్ట్రియాలో సెలవు, పండగ వాతావరణం దాంతో ముగుస్తుంది.) నన్నడిగితే ఫిబ్రవరి రెండో సగం, మార్చి మొదటి వారం అన్నిటికంటే మంచివి. చలి కాస్త తగ్గుతుంది, పొద్దు కాస్త పెరుగుతుంది, రేట్లు మాత్రం ఇంకా లేవవు.

"అంత చలికి పిల్లల్నా?" ఈ ప్రశ్న మా అమ్మా అడిగింది, మా అత్తగారూ అడిగారు. మీ ఇంట్లోనూ అడుగుతారు. జవాబు చెప్తాను.

వియన్నాలో జనవరిలో పగలు మూడు నాలుగు డిగ్రీలు, రాత్రి సున్నాకి దిగువన. మార్చి మొదటికి పగలు పది డిగ్రీల దాకా వస్తుంది. అంకెలు చూస్తే భయమేస్తుంది కానీ అక్కడ ఇళ్ళూ, రైళ్ళూ, మ్యూజియాలూ, దుకాణాలూ అన్నీ వెచ్చగా ఉంటాయి. చలిలో ఉండేది స్టేషను నుంచి నడిచే పది పదిహేను నిమిషాలు, పార్కులో ఆడుకునే కాసేపు. ఒక పెద్ద కోటు కంటే పలచటి బట్టలు మూడు పొరలు వెయ్యడం, లోపలికి వెళ్ళగానే పైవి తీసెయ్యడం, ఇదే కిటుకు. వెచ్చటి మ్యూజియంలో కోటుతో తిప్పి, చెమట పట్టించి, అలాగే బయటికి తెస్తేనే పిల్లలకి ఇబ్బంది. నీళ్ళు లోపలికి రాని బూట్లు మాత్రం తప్పనిసరి. తడిసిన కాళ్ళతో ఏ పిల్లా సంతోషంగా ఉండదు.

ఇక ఎవరూ చెప్పని అసలు సంగతి, టైమ్ తేడా. చలికాలంలో మనకీ వియన్నాకీ నాలుగున్నర గంటల తేడా, మనం ముందు. హైదరాబాదులో పొద్దున ఎనిమిదికి లేచే పిల్ల అక్కడ తెల్లవారుజామున మూడున్నరకి లేచి కూర్చుంటుంది. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకి పడుకునే పిల్లకి అక్కడ సాయంత్రం ఐదింటికే కళ్ళు మూతలు పడతాయి. మొదటి నాలుగైదు రోజులు ఇంతే. వేసవిలో వెళ్తే సూర్యుడు రాత్రి తొమ్మిదిదాకా దిగడు. పిల్లలు పడుకోరు, మనం ఆగం, అందరూ చిరాకు పడిపోతారు. చలికాలంలో జనవరి మధ్యలో నాలుగున్నరకల్లా చీకటి, ఫిబ్రవరి ఆఖర్లో ఐదున్నరకి. పిల్లల శరీరం ఏది అడుగుతోందో బయట ఆకాశం కూడా అదే చెప్తుంది. ఐదింటికి ఇంట్లో పడి, ఇంత అన్నం తినిపించి, ఆరింటికి పడుకోబెట్టెయ్యొచ్చు. సాయంత్రాలు పోయాయని నేను ఏడవను, పొద్దున్నే మనదంటూ ఒక ఊరు ఉంటుంది. మ్యూజియం తలుపులు తెరిచేసరికి మనమే మొదటివాళ్ళం.

పిల్లలు అంత తొందరగా పడుకోవడంలో పెద్దవాళ్ళకీ లాభముంది. ఒకరు కాపలా ఉంటే ఇంకొకరు బయటికి వెళ్ళి రావచ్చు. వియన్నా స్టేట్ ఒపేరాలో నిలబడి చూసే టికెట్లు చాలా తక్కువకి అమ్ముతారు. ఒక రోజు మా ఆవిడ, ఇంకో రోజు నేను వెళ్ళాం. నాకు సంగీతం అర్థమైందని చెప్పను కానీ పెళ్ళయ్యాక ఒంటరిగా ఒక పూట గడపడం అదే మొదటిసారి :)

ఇక ఏ ఊరు?

పిల్లలతో వెళ్ళేటప్పుడు ఊరిని ఎంచుకోడానికి నా కొలమానం గుళ్ళూ గోపురాలూ కాదు. నాలుగు ప్రశ్నలు. తోపుడు బండితో మెట్లు ఎక్కకుండా ఊరంతా తిరగగలమా? వాన పడితే లోపల గడపడానికి పిల్లలకి నచ్చే చోట్లు ఉన్నాయా? వాటికి పిల్లల టికెట్టు ఎంత? నీళ్ళు ఉచితమా?

పారిస్ అందమైన ఊరే, కాదనను. కానీ అక్కడి మెట్రో 1900లో మొదలైంది. పాత లైన్లలో చాలా స్టేషన్లకి లిఫ్టులు లేవు. ఒక చేతిలో పిల్లాడు, ఇంకో చేతిలో బండి, పక్కన "నాన్నా ఎత్తుకో" అనే పిల్లతో ఆ మెట్లెక్కాలి. లూవ్ర్ మ్యూజియం పిల్లలకి ఉచితమే. పెద్దవాళ్ళకి మాత్రం యూరప్ బయటినుంచి వచ్చినవాళ్ళైతే 2026 జనవరి నుంచి 32 యూరోలు. ఇద్దరికి ఆరువేల పైమాటే, ఆ తర్వాత పిల్లాడు ఇరవై నిమిషాలకే ఏడుపు మొదలెడితే ఒక్క మోనాలిసాని చూసి బయటపడాలి.

వియన్నా మెట్రో 1978లో మొదలైంది. స్టేషన్లన్నిటికీ లిఫ్టులున్నాయి. ఆరేళ్ళ లోపు పిల్లలకి మెట్రో, ట్రామ్, బస్సు అన్నీ ఉచితం. ఇక మ్యూజియాలు. 2010 నుంచి అక్కడి కేంద్ర ప్రభుత్వ మ్యూజియాల్లో 19 ఏళ్ళ లోపు వాళ్ళకి టికెట్టు లేదు. పిల్లాడు ఏడిస్తే ఒకరు బయటికి తీసుకెళ్తారు, ఇంకొకరు పెద్దదానితో చూస్తారు. డబ్బులు పోయాయన్న బాధ సగానికి సగం తగ్గుతుంది.

నీళ్ళ సంగతి విడిగా చెప్పాలి. వియన్నా కుళాయి నీళ్ళు ఆల్ప్స్ కొండల ఊటలనుంచి వస్తాయి. ఆ మొదటి పైపులైను 1873లో వేశారు. సీసా పట్టుకుని తిరిగితే చాలు, నీళ్ళకి పైసా ఖర్చు లేదు. బబుల్ వాటరు డబ్బాలు మోసుకుని బతికే మనకి ఇది ఒక వింతే.

పిల్లలతో అక్కడ ఏం చూడొచ్చు అంటే, మా పాప లెక్క ప్రకారం చెప్తాను. మొదటిది షోన్‌బ్రున్ రాజభవనం తోటలో ఉన్న జూ. 1752లో పెట్టింది, ఇప్పటికీ నడుస్తున్న జూల్లో ప్రపంచంలోకెల్లా పాతది. ఆరేళ్ళ లోపు ఉచితం. పాండాలున్నాయి. భవనం లోపలి గదులు మాత్రం బుడతలతో వద్దని నా సలహా. ఏదీ ముట్టుకోకూడదు, పరిగెత్తకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. బయటి తోట పెద్దది, దానికి టికెట్టే లేదు. రెండోది నేచురల్ హిస్టరీ మ్యూజియం. రాక్షసబల్లులు, ఉల్కలు, దాదాపు 29,500 ఏళ్ళనాటి విలెన్‌డార్ఫ్ వీనస్ బొమ్మ. ఆ బొమ్మ పదకొండు సెంటీమీటర్లే, అరచేతిలో పడుతుంది. మా పాప దాన్ని "చిన్న బామ్మ" అంది. మూడోది టెక్నికల్ మ్యూజియం. అసలు సిసలు రైలింజన్లు లోపల నిలబెట్టారు, రెండు నుంచి ఆరేళ్ళ పిల్లలకి ఆడుకోడానికి విడిగా ఒక చోటుంది. వాన రోజుకి దీన్ని దాచుకోండి. నాలుగోది హౌస్ దెస్ మేరెస్ అనే చేపల ప్రదర్శనశాల. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల్ని కూల్చడానికి కట్టిన కాంక్రీటు బురుజులో పెట్టారు. తుపాకులుండాల్సిన చోట సొరచేపలు! ఇక ప్రాటర్‌లో 1897నాటి జెయింట్ వీల్. దాదాపు 65 మీటర్ల ఎత్తు, తలుపులున్న పెట్టెల్లో కూర్చోవడం కాబట్టి చలి లేదు. చుట్టూ ఉన్న మిగతా రైడ్లు చాలావరకు చలికాలంలో మూసేస్తారు, చక్రం కూడా తెరిచుందో లేదో ముందే చూసుకుని వెళ్ళండి.

ఒక్క నియమం పెట్టుకోండి. రోజుకి ఒకటే. రెండోది పెట్టారా, ఆ రోజు పాడయినట్టే. పొద్దున ఒక చోటు, మధ్యాహ్నం ఇంటికొచ్చి నిద్ర, వీలైతే సాయంత్రం వీధి చివర పార్కులో జారుడుబల్ల. అక్కడ ప్రతి పేటలోనూ పిల్లలు ఆడుకునే పార్కులుంటాయి. మన పిల్లలకి జర్మన్ రాదు, వాళ్ళకి తెలుగు రాదు, అయినా జారుడుబల్ల దగ్గర వరసలో నిలబడటానికి భాషతో పనిలేదు. ట్రామెక్కి ఊరికే ఊరు చుట్టి రావడం కూడా ఒక కార్యక్రమమే. పిల్లలకి చర్చికీ ట్రాముకీ మధ్య ఎంచుకోమంటే ట్రామే గెలుస్తుంది.

"అయినా ఒకటే దేశమా" అని మరీ బాధగా ఉంటే, వియన్నా నుంచి బ్రాటిస్లావా రైల్లో గంట దూరం. స్లోవాకియా రాజధాని, అదే వీసా, అదే యూరో. పొద్దున వెళ్ళి సాయంత్రానికి రావచ్చు. ఆఫీసులో చెప్పుకోడానికి రెండు దేశాలు :) బుడాపెస్ట్ కూడా నేరుగా రైల్లో మూడు గంటలలోపే. కానీ అక్కడికి వెళ్తే ఒక రాత్రి ఉండాలి, ఉంటే సామాను సర్దాలి. పిల్లలున్న ఇంట్లో సామాను సర్దడం అంటే ఏంటో మీకు తెలుసు.

బస విషయంలో హోటలు కన్నా వంటగది, వాషింగ్ మెషీను ఉన్న అపార్టుమెంటు తీసుకోండి. ఊరి నడిమధ్యలో అక్కర్లేదు, మెట్రో స్టేషనుకి ఐదు నిమిషాల నడకలో ఉంటే చాలు. లిఫ్టు ఉందా అని తప్పక అడగండి, పాత బిల్డింగుల్లో లేనివి ఉంటాయి. ఒకటే చోట వారం ఉంటే చాలామంది తగ్గించి ఇస్తారు. ఊళ్ళు మారేవాళ్ళకి ఈ లాభం ఉండదు.

తిండి దగ్గర మనవాళ్ళు రెండు రకాల తప్పులు చేస్తారు. కొందరు పూటకో ఇండియన్ రెస్టారెంటు వెతుక్కుంటూ రోజంతా పోగొడతారు. ఇంకొందరు ఇంట్లోంచి కిరాణా కొట్టంతా మోసుకెళ్తారు. బియ్యం, ఎర్రపప్పు, పెరుగు, కూరగాయలు అక్కడి సూపర్ మార్కెట్లలో మామూలుగా దొరుకుతాయి. హోఫర్, బిల్లా, స్పార్ ఏదో ఒకటి ప్రతి వీధిలో ఉంటుంది. మనం తీసుకెళ్ళాల్సింది పచ్చడి, కందిపొడి, తిరగమోత సామాను, చిన్న కుక్కరు. తీసుకెళ్ళకూడనివి నెయ్యి, పాలకోవా, ఇంకా పాలతో చేసినవేవైనా. యూరప్‌లోకి బయటి దేశాలనుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం నిషేధం, దొరికితే తీసి పారేస్తారు. పసిపిల్లల పాలపొడి మాత్రం రెండు కిలోల దాకా పట్టుకెళ్ళొచ్చు. పచ్చి కరివేపాకు కూడా వద్దు, తాజా ఆకులకి వేరే సర్టిఫికెట్లు కావాలి. అన్నట్టు, ఆదివారం దుకాణాలు మూసేస్తారు. పెద్ద రైల్వే స్టేషన్లలోవి తప్ప. శనివారమే పాలూ పెరుగూ తెచ్చి పెట్టుకోండి. కార్డుతో కట్టేటప్పుడు మెషీను "రూపాయల్లోనా, యూరోల్లోనా" అని అడిగితే ఎప్పుడూ యూరోల్లోనే అనండి. రూపాయలు అంటే వాళ్ళ రేటుకి మారుస్తారు, మనకి నష్టం.

వీసా గురించి నాలుగు ముక్కలు. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి, కనీసం పదిహేను రోజుల ముందు అప్లై చెయ్యాలి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే చెయ్యాలి. "ఫలానా దేశం స్లాట్లు తొందరగా దొరుకుతున్నాయట, అక్కడ వేసి ఇక్కడికి వెళ్దాం" అనే తెలివితేటలు వద్దు. పిల్లల పాస్‌పోర్టులు మన దేశంలో ఐదేళ్ళకే ఇస్తారు, ఎప్పుడు అయిపోతుందో ముందు అది చూడండి. తిరిగొచ్చే రోజు తర్వాత కనీసం మూడు నెలలుండాలి. జనన ధ్రువపత్రం కావాలి. తల్లిదండ్రుల్లో ఒకరు రాకపోతే వాళ్ళ అంగీకారపత్రం కావాలి. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి వేలిముద్రలు అక్కర్లేదు. వీసా రాకపోతే ఫీజు తిరిగి ఇవ్వరు. అందుకే వీసా చేతికి రాకముందు డబ్బు వెనక్కి రాని టికెట్లు కొనకండి. ఫిబ్రవరి ప్రయాణమైతే అక్టోబరు, నవంబరుల్లోనే అప్లై చేసెయ్యొచ్చు. వేసవి గుంపులో పడే బాధ ఉండదు.

ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకి ఉండాలని వీసా రూలే చెప్తుంది. దాన్ని వీసా కోసం పెట్టే కాగితంగా చూడకండి, పిల్లలకి ఏం కవర్ అవుతుందో చదవండి. (ఇక్కడ మాత్రం కవరేజి గురించి అడగొచ్చు.) మీ పిల్లల డాక్టరు దగ్గర జ్వరం, దగ్గు మందులు రాయించుకుని చీటీతో సహా తీసుకెళ్ళండి. అత్యవసరానికి యూరప్ అంతా 112. ఇంకోటి, 2025 అక్టోబరులో యూరప్ సరిహద్దుల్లో కొత్త కంప్యూటర్ పద్ధతి మొదలైంది. పాస్‌పోర్టు మీద ముద్రకి బదులు ఫొటో తీసి నమోదు చేస్తారు. దానికి క్యూ ఉండొచ్చు కాబట్టి ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట విమానం మారేటట్లయితే గంటన్నర కనెక్షన్లు పెట్టుకోకండి, పిల్లలతో పరిగెత్తలేరు.

ఇక అసలైన అభ్యంతరానికి వద్దాం. "అంత చిన్నపిల్లలకి ఏం గుర్తుంటుంది? డబ్బు దండగ."

నిజమే, గుర్తుండదు. పెద్దయ్యాక మా బాబుకి వియన్నా అన్న పేరు తప్ప ఏదీ తెలియకపోవచ్చు. కానీ ఒక్క మాట అడుగుతాను. మొదటి పుట్టినరోజుకి ఫంక్షన్ హాలు మాట్లాడేటప్పుడు, నాలుగొందల మందికి భోజనాలు చెప్పేటప్పుడు, డ్రోన్ కెమెరా పెట్టేటప్పుడు "వాడికి గుర్తుంటుందా?" అని ఎవరైనా అడిగారా? ఆ రోజు పిల్లాడు అన్ని మొహాల్ని చూసి, ఆ లైట్లకి ఏడ్చి ఏడ్చి పడుకుండిపోతాడు. అది మన కోసం, మన వాళ్ళ కోసం చేసుకునే పండగ. నేను తప్పు పట్టను. అలాగే ఇదీ మన కోసమే అని ఒప్పేసుకుంటే సరిపోతుంది. ఆ పుట్టినరోజు ఖర్చుని పక్కన పెట్టుకుని, ఫిబ్రవరి వియన్నా ఖర్చు వేసి చూడండి. రెండూ ఎంత దగ్గర దగ్గరగా వస్తాయో మీకే తెలుస్తుంది.

అయితే "మన కోసం" అంటే ఫొటోల కోసం అని కాదు నా ఉద్దేశం. మన ఇళ్ళల్లో మామూలు రోజు ఎలా ఉంటుందో చూడండి. పొద్దున పిల్లలు లేచేసరికి ఒకరు క్యాబులో. రాత్రి క్లయింట్ కాల్ అయ్యేసరికి వాళ్ళు నిద్రలో. ఇంట్లోంచి పని చేసే రోజున ఇంకా ఘోరం, మనిషి కనిపిస్తుంటాడు కానీ "ష్, నాన్న మీటింగులో ఉన్నాడు". మా పాప బొమ్మ లాప్‌టాప్ పెట్టుకుని ఆడే ఆట పేరు "మ్యూట్". వరసగా ఎనిమిది రోజులు, పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా, అమ్మా నాన్నా ఇద్దరూ, ఏ స్క్రీనూ లేకుండా పక్కన ఉండటం మన పిల్లలకి ఏడాదికి ఎన్నిసార్లు దొరుకుతుంది? ఆ ఎనిమిది రోజులు గుర్తుండకపోయినా వాళ్ళకి అందాల్సింది అందుతుంది. ఆరు దేశాల బస్సులో అది అందదు. అక్కడ మనం పిల్లల్ని తొందరపెట్టే పనిలోనే ఉంటాం. ఇక్కడ ఆఫీసుకి తొందర, అక్కడ బస్సుకి తొందర.

కాబట్టి ఆఫీసు లాప్‌టాప్ ఇంట్లో వదిలెయ్యండి. చాలా కంపెనీల్లో అనుమతి లేకుండా దాన్ని దేశం దాటించకూడదన్న రూలే ఉంటుంది. జీవితంలో ఒక్కసారి ఆ రూలుని సంతోషంగా పాటించండి. టైమ్ తేడా కూడా మన పక్షానే ఉంది. మీరు ఎనిమిదింటికి టిఫిన్ తింటుంటే ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. మీరు లేకుండానే సగం రోజు గడిచిపోయిందని, ఏదీ కూలిపోలేదని అప్పటికే తేలిపోయుంటుంది.

ఇప్పుడు నష్టాలు కూడా చెప్పకపోతే అన్యాయం. ఆ కాలంలో పూలుండవు, తోటలు బోడిగా ఉంటాయి. వరసగా మూడు రోజులు సూర్యుడు కనపడకపోవచ్చు. నదిలో పడవలు చాలావరకు ఆపేస్తారు. సినిమా పాటల్లో చూసిన పచ్చటి కొండలు కావాలంటే ఇది దారి కాదు, వేసవిలో వెళ్ళి ఆ రేటు కట్టాల్సిందే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని ఆ చలికి తీసుకెళ్ళమని కూడా చెప్పను. ఇక అన్నిటికంటే ముఖ్యం, వాయిదాల మీద వెళ్ళకండి. తిరిగొచ్చాక రెండేళ్ళు ఈఎమ్ఐ కట్టే విహారం విహారం కాదు. చేతిలో డబ్బు లేకపోతే అరకు రైలు ఎక్కండి. సొరంగం చీకట్లో కేకలెయ్యడానికి పిల్లలకి వియన్నా అక్కర్లేదు. నేను చెప్పిన మిగతా సూత్రాలన్నీ అక్కడా పనిచేస్తాయి, ఒకటే ఊరు, రోజుకి ఒకటే, లాప్‌టాప్ ఇంట్లో.

చివరగా సంక్రాంతి సంగతి. పిల్లలు బడిలో చేరాక మనకి చౌక కాలంలో దొరికే పెద్ద సెలవులు సంక్రాంతివే. అప్పుడు యూరప్ వెళ్తే రేటు తక్కువే, కానీ ఊళ్ళో తాతయ్యా నానమ్మా ఎదురుచూస్తుంటారు. ఆ బేరం నేను చెయ్యలేను, మిమ్మల్నీ చెయ్యమనను. అందుకే బడికి ముందే అంటున్నాను. వీసా ఫీజు లేని వయసు, ట్రామ్ టికెట్టు లేని వయసు, భోగిపళ్ళు పోసే వయసు, మూడూ ఒకటే. మూడు నాలుగేళ్ళకంటే ఎక్కువ ఉండదది. ఊళ్ళో భోగిపళ్ళు పోయించుకుని, కనుమ దాకా ఉండి, తాతయ్య చేత చలికోటు గుండీలు పెట్టించుకుని ఫిబ్రవరిలో బయల్దేరండి.

ఎన్ని దేశాలు కవర్ చేశారని ఆఫీసులో అడిగితే, ఒక జారుడుబల్ల పూర్తిగా కవర్ చేశామని చెప్పండి.